మ్యాన్‌హోల్‌లోకి యంత్రం ఎప్పుడు దిగుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. సమాజంలో సమానత్వాన్ని తెచ్చేది తాత్విక చింతనా, సాంకేతికతా? రోబోలు, కృత్రిమ మేధ వచ్చేశాయి గనుక ఇక మురికి పనులు, ప్రాణాపాయం ఉన్న పనులు యంత్రాలే చేస్తాయని, దాంతో అసమానతలో సగం తనంతట తానే పోతుందని మీ స్నేహితుడు వాదించాడు. మనుషుల ఆలోచన మారనిదే ఏ యంత్రమూ ఏమీ చేయలేదని మీరన్నారు. ఎవరి వాదన సరైనదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పాలని అడిగారు.

నేను తత్వశాస్త్రం చదువుకున్నవాడిని కాదు. పురపాలక సంఘాల్లో ప్రజారోగ్య ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం భూగర్భ మురుగు కాలువల దగ్గరే గడిచింది. కాబట్టి నాకు తెలిసిన చోటి నుంచే జవాబు చెబుతాను. ముందే తేల్చి చెప్పాలంటే, యంత్రం ఉన్నంత మాత్రాన అది మనిషి చేస్తున్న పనిలోకి రాదు. ‘నేను దిగను’ అని కార్మికుడు చెప్పగలిగి, ఆ మాట అన్నాక కూడా ఆ రాత్రి అతని ఇంట్లో పొయ్యి వెలిగే చోటికే వస్తుంది. అలా కాదనగలిగే స్థితిని ఎవరు కల్పించారు, ఎవరు అడ్డుకున్నారు అన్నది మాత్రం పూర్తిగా ఆలోచనలకు సంబంధించిన చరిత్ర. మీ ఇద్దరి వాదనలూ ఇక్కడ కలుస్తాయి.

ముందు మ్యాన్‌హోల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీద మాట్లాడేవాళ్లలో చాలామందికి లోపల ఏం జరుగుతుందో తెలియదు. మురుగు కదలకుండా నిలిచినచోట, గాలి అందనిచోట బతికే సూక్ష్మజీవులు అందులోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఇది గాలికంటే బరువైన వాయువు, అందుకే అడుగున చేరుతుంది. కొద్దిపాటిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు దాటితే ముక్కు మొద్దుబారిపోయి ఆ వాసన కూడా తెలియదు. అంటే హెచ్చరిక ఆగిపోయిన క్షణంలోనే అసలు ప్రమాదం మొదలవుతుంది. వెయ్యికి చేరువైతే కొన్ని ఊపిరుల్లోనే మనిషి కుప్పకూలుతాడు. పైనున్నవాడు అన్నో తమ్ముడో అయి ఉంటాడు, ఆగలేక దూకుతాడు. అతని వెనక ఇంకొకడు. ఇలాంటి మరణాల వార్తల్లో ఇద్దరు, ముగ్గురు అని తరచూ కనిపించడానికి కారణం ఇదే.

మా రోజుల్లో మూత తీసి, అటూ ఇటూ ఉన్న మ్యాన్‌హోళ్ల మూతలు కూడా తెరిచి కొంతసేపు గాలి ఆడనిచ్చేవాళ్లం. లెడ్ ఎసిటేట్‌లో తడిపిన కాగితాన్ని తాడుకు కట్టి కిందికి దింపితే, వాయువు ఉన్నచోట అది నల్లబడుతుంది. కాగితం ఖరీదు ఎంత? ఏమీ లేదు. అయినా ఆ పరీక్ష జరిగిన చోట్లకంటే జరగని చోట్లే ఎక్కువ. అడ్డు తొలగించడానికి వెదురు బద్దలు, ఇనుప రాడ్లు ఉండేవి. అవి లొంగకపోతే మనిషి దిగేవాడు.

జెట్టింగ్ యంత్రం నిన్నమొన్న వచ్చింది కాదు. లారీ మీద నీళ్ల ట్యాంకు, అధిక పీడనంతో నీటిని తోసే పంపు, పొడవాటి గొట్టం, దాని చివర నాజిల్. నాజిల్ వెనకవైపు రంధ్రాల నుంచి నీరు వేగంగా చిమ్మడంతో గొట్టం తనంతట తానే కాలువలో ముందుకు పాకుతుంది, పూడికను కోసుకుంటూ వెనక్కి తోస్తుంది. మరో వాహనం ఆ పూడికను పీల్చేస్తుంది. ఇందులో రహస్యమైన విజ్ఞానం ఏదీ లేదు. దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతున్నదే. మరి మన ఊళ్లకు ఎందుకు ఇంత ఆలస్యంగా వచ్చింది?

అంచనాలు తయారుచేసిన చేత్తో చెబుతున్నాను. యంత్రానికి అద్దె ఉంటుంది, డీజిల్ ఉంటుంది, డ్రైవరు జీతం, మరమ్మతు, తరుగు ఉంటాయి. ఒక్కొక్కటీ కాగితం మీదికి ఎక్కుతుంది. మనిషికి రోజు కూలి ఒక్కటే ఎక్కుతుంది. అతని ఊపిరితిత్తులకు తరుగు ఉండదు, అతని భార్యాపిల్లల భవిష్యత్తుకు ప్రత్యేకంగా ఒక గడి ఉండదు. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఏ ఆడిటరైనా మనిషినే ఎంచుకోమంటాడు. ఆ లెక్కలో కూడిక తప్పు లేదు. ఎవరి నష్టాన్ని ఖర్చుగా రాయాలి, ఎవరి నష్టాన్ని రాయనక్కరలేదు అన్న నిర్ణయం అంచనాకు ముందే, వేరే ఎక్కడో జరిగిపోయింది. తత్వం గురించి అడిగారు కదా, నాకు అది కనిపించింది ఆ ఖాళీ గడిలోనే.

ఇది మన దేశపు రోగం మాత్రమే అనుకోకండి. ఇంగ్లండులో పొగగొట్టాల సంగతి చూడండి. అక్కడ బొగ్గు మండించే ఇళ్లలో సన్నని పొగగొట్టాలను శుభ్రం చేయడానికి పేదింటి పసివాళ్లను, అనాథలను లోపలికి ఎక్కించేవాళ్లు. ఆ మసి వల్లే వాళ్లకు క్యాన్సర్ వస్తోందని పెర్సివాల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. పిల్లలు అక్కరలేకుండా గొట్టాలు శుభ్రం చేసే బ్రష్షు యంత్రాన్ని జార్జ్ స్మార్ట్ 1803లో తయారుచేశాడు. 1840లో చట్టం వచ్చింది, ఇరవై ఒకటేళ్ల లోపువాళ్లెవరినీ ఎక్కించరాదని. అయినా పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ దగ్గర ఒక ఆసుపత్రి పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు ఇరుక్కుని చనిపోయాడు. ఆ ఏడాదే షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి కొత్త చట్టం తెచ్చాడు. అక్కడితో ఆ పద్ధతి ఆగింది.

జబ్బు సంగతి తెలిసి నూరేళ్లు, యంత్రం వచ్చి డెబ్బై రెండేళ్లు. మధ్యలో ఏం అడ్డుపడింది? పెద్ద పెద్ద భవనాల్లో పొగగొట్టాలు వంకరటింకరగా ఉండేవి. యంత్రం తిరగాలంటే గోడలు పగలగొట్టి మార్చుకోవాలి. ఆ ఖర్చు భరించాల్సినవాళ్లే పార్లమెంటు ఎగువ సభలో కూర్చున్నారు, బిల్లులను తోసిపుచ్చారు. ‘యంత్రం ఆ మూలల్లోకి పోలేదు’ అన్నది వాళ్ల వాదన. మా ఊరి సందుల్లోకి లారీ పోలేదన్న మాట నేను ఎన్ని సమావేశాల్లో విన్నానో లెక్కలేదు. దేశాలు వేరు, శతాబ్దాలు వేరు, వాదన మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే.

1875 చట్టం ఎందుకు పనిచేసింది, 1840 చట్టం ఎందుకు పనిచేయలేదు అన్నది ముఖ్యం. పాత చట్టం పిల్లలను ఎక్కించరాదని చెప్పి ఊరుకుంది. కొత్త చట్టం పొగగొట్టాలు శుభ్రం చేయించే ప్రతి యజమానీ పోలీసుల నుంచి ఏటా లైసెన్సు తీసుకోవాలంది. పిల్లవాడిని ఎక్కిస్తే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే వ్యాపారమే పోతుంది. అంతవరకూ పసివాడు మాత్రమే మోసిన ప్రమాదంలో ఒక వాటా యజమాని నెత్తిన పడింది.

యంత్రాలు వస్తే బానిసలు అక్కరలేదన్న ఆశ కూడా చాలా పాతది. మగ్గం మీది నాడె తనంతట తానే నేయగలిగితే యజమానులకు బానిసల అవసరం ఉండదని అరిస్టాటిల్ దాదాపు రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే రాశాడు. మీ స్నేహితుడి వాదన అదే. కానీ చరిత్రలో జరిగింది చూడండి. 1793లో అమెరికాలో ఈలై విట్నీ పత్తి గింజలు వేరుచేసే జిన్నింగ్ యంత్రం తయారుచేశాడు. చేత్తో రోజంతా కూర్చుంటే ఒక పౌను దూది వచ్చేచోట ఈ యంత్రంతో యాభై పౌన్ల దాకా వచ్చేది. గింజ తీసే శ్రమ తగ్గింది. బానిసత్వం తగ్గిందా? దూది లాభసాటి కావడంతో కొత్త కొత్త నేలలు సాగులోకి వచ్చాయి, పత్తి ఏరడానికి మరింతమంది బానిసలు కావలసి వచ్చింది. 1790 జనగణనలో ఏడు లక్షల దగ్గర ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి నలభై లక్షలకు చేరువైంది. మనిషి అమ్మకానికి దొరికే సమాజంలో శ్రమను ఆదా చేసే యంత్రం వస్తే, అది యజమానికి ఆదా చేస్తుంది. గుంటూరు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు చూసిన ప్రతిసారీ నాకు ఈ కథ గుర్తొస్తుంది.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. ఈ విషయం మీద మన దేశంలో జరిగిన అసలైన తాత్విక వివాదం గాంధీ, అంబేడ్కర్ల మధ్యది. దాన్ని ‘గాంధీ యంత్రాలకు వ్యతిరేకి, అంబేడ్కర్ అనుకూలుడు’ అని పరీక్షల కోసం కుదించి చదివితే సారం పోతుంది. గాంధీ కుట్టు మిషనును మెచ్చుకున్నాడు. యంత్రాల వ్యామోహాన్నే కాదన్నానని చెప్పుకున్నాడు. 1901లో కలకత్తా కాంగ్రెస్ సమావేశాలకు వెళ్లినప్పుడు ప్రతినిధులు దొడ్డిని అసహ్యంగా వాడి వదిలేస్తే చీపురు పట్టి తానే కడిగాడు. ఆ కాలంలో అది మాటల్లో చెప్పలేని సాహసం. అగ్రవర్ణాలవారు తమ మలాన్ని తామే ఎత్తుకోవాలన్న ఆలోచన ఆయన ఆశ్రమాల్లో ఆచరణగా మారింది. కానీ అదే గాంధీ పాకీ పనిని, అంటే చేత్తో మలం ఎత్తే పనిని, పవిత్రమైన సేవగా, తల్లి బిడ్డకు చేసే పనితో సమానంగా వర్ణించాడు. 1946లో సఫాయి కార్మికుల సమ్మెల గురించి రాస్తూ, వాళ్ల బాధలు నిజమే అయినా ఒక్కరోజు కూడా పని మానకూడదన్నాడు.

అంబేడ్కర్ సరిగ్గా అక్కడ పట్టుకున్నాడు. 1911 నాటి పంజాబ్ పురపాలక చట్టం ప్రకారం, ఇళ్లలో మలం ఎత్తే పనికి ఒప్పుకున్న మనిషి పద్నాలుగు రోజుల ముందు చెప్పకుండా, తగిన కారణం లేకుండా మానేస్తే పది రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఈ చట్టాన్ని ఆయన తన రచనల్లో ఎత్తి చూపించాడు. ఒక పనిని మానేయడమే నేరమైతే దాన్ని సేవ అనడం ఎలా కుదురుతుంది? సేవ చేయడానికి ముందు మానేసే స్వేచ్ఛ ఉండాలి కదా. కులం పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషులనే విభజించి మెట్లుగా పేర్చడం అని ఆయన 1936లోనే అన్నాడు. యంత్రం గురించి 1945లో ఇంకా స్పష్టంగా రాశాడు: మనిషి పశువులా బతకకుండా ఉండాలంటే తీరిక కావాలి, తీరిక రావాలంటే యంత్రం కావాలి. యంత్రం వల్ల కీడు జరుగుతోందంటే ఆ తప్పు యంత్రానిది కాదు, దాని ఫలితం కొందరికే చెందేలా ఏర్పాటైన సమాజానిది.

నా ఉద్దేశంలో ఈ విషయంలో అంబేడ్కర్‌దే పైచేయి. అలాగని గాంధేయుల పాత్రను కొట్టిపారేయలేం. బిహార్‌లో గాంధీ శతజయంతి సంఘంలో పనిచేస్తూ ఈ సమస్యలోకి వచ్చిన బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థ పెట్టి రెండు గుంతల మరుగుదొడ్డిని ఊరూరా తీసుకెళ్లాడు. ఒక గుంత నిండితే మలాన్ని రెండోదానిలోకి మళ్లిస్తారు. మొదటిదాన్ని ఏడాది రెండేళ్లు అలా వదిలేస్తే లోపలిది ఎండి, వాసన లేని ఎరువుగా మారుతుంది. దాన్ని ఎవరైనా పారతో తీసి పొలంలో వేసుకోవచ్చు. మలాన్ని మోసే మనిషి అవసరమే లేకుండా చేసిన నిర్మాణం అది. ఇంజినీరుగా దానికి నేను నమస్కారం పెడతాను.

అయితే ఆ గుంతకు ఏమైందో తెలుసా? ఉత్తర భారత గ్రామాల్లో డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ అనే పరిశోధకులు చూసింది ఏమిటంటే, ప్రభుత్వం చెప్పిన కొలతతో చిన్న గుంత తవ్వుకోవడానికి జనం ఇష్టపడలేదు. త్వరగా నిండుతుంది, నిండితే ఖాళీ చేయాలి, ఖాళీ చేయడం తక్కువ కులాల పని, దాన్ని మేం తాకం. అందుకని కట్టుకుంటే పెద్ద గుంత కట్టారు, లేకపోతే అసలు వాడటమే మానేశారు. ఎరువుగా మారిన మట్టిలో అపాయం లేదని విజ్ఞానం చెబుతుంది. అపవిత్రత మాత్రం అందులోనే ఉందని బుర్ర చెబుతుంది. రెండు గుంతల నిర్మాణం బుర్ర దగ్గర ఓడిపోయింది. మీ స్నేహితుడికి ఈ ఉదాహరణ చెప్పండి.

మీ వాదనకు ఎదురుగా కూడా ఒక ఉదాహరణ ఉంది, ఆలోచన ఒక్కటే చాలదనడానికి. అంటరానితనాన్ని రద్దు చేసే 17వ అధికరణ 1950 నుంచి రాజ్యాంగంలో ఉంది. ఆ ఆలోచనకు ఏ లోపమూ లేదు. కానీ కోలార్ బంగారు గనుల సంగతి చూడండి. శివసముద్రం జలవిద్యుత్తు 1902లోనే అక్కడికి చేరింది, దేశంలో చాలా నగరాల్లో కరెంటు దీపం లేని రోజుల్లో. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా తవ్వుకుపోయిన గనులవి. ఆ యంత్రాంగం పక్కనే ఉన్న కార్మికుల కాలనీల్లో మాత్రం 1990ల దాకా పాకీ దొడ్లు ఉన్నాయి. చేత్తో ఎత్తి బకెట్లో మోసుకెళ్లేవాళ్లు. అక్కడి సఫాయి కుటుంబంలో పుట్టినవాడే బెజవాడ విల్సన్. పేరులోనే ఊరు కనిపిస్తోంది, నేను వివరించనక్కరలేదు. తన వాళ్ల పనిని కళ్లారా చూశాక ఆయన ఉత్తరాలు, ఫోటోలతో పోరాటం మొదలుపెట్టాడు. ఐఏఎస్ అధికారిగా ఆంధ్రప్రదేశ్‌లో పేదల పక్షాన నిలబడి పేరు తెచ్చుకున్న ఎస్.ఆర్. శంకరన్ అండతో సఫాయి కర్మచారీ ఆందోళన్ నిర్మించాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

పాకీ పనిని నిషేధించే మొదటి చట్టం 1993లో వచ్చింది. దాన్ని చేయమని పార్లమెంటును కోరుతూ తీర్మానించిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. శిక్ష ఏడాది దాకా జైలు లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం దృష్టంతా పాకీ దొడ్ల మీదే ఉంది, కాలువలు, సెప్టిక్ ట్యాంకుల జోలికి పోలేదు. అవి 2013 చట్టంలోకి వచ్చాయి. అందులోనూ ఒక కిటుకు ఉంది. రక్షణ పరికరాలు ఇవ్వకుండా దింపితేనే అది ‘ప్రమాదకరమైన శుభ్రత’. పరికరాలు ఇచ్చామని కాగితం మీద రాసుకుంటే చాలు. గ్లవ్స్, గంబూట్లు తొడిగించి ఒక ఫోటో తీసి ఫైల్లో పెట్టడం ఎంత సులువో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. మాస్కు ఉన్నా అది దుమ్ముకు పనికొచ్చేదే తప్ప ఈ వాయువుకు కాదు.

లెక్కను నిజంగా కదిలించింది సుప్రీంకోర్టు. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, 1993 నుంచి కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఇందాక ఖాళీగా ఉందన్న గడిలో మొదటిసారి ఒక అంకె పడింది. ఆ అంకె ప్రాణానికి వెల కాదని నాకూ తెలుసు. కానీ అంచనా రాసేవాడికి, కాంట్రాక్టు ఇచ్చేవాడికి అది అర్థమయ్యే భాష. పది లక్షలు కట్టాల్సి వస్తుందని తెలిసిన తరువాత ‘యంత్రం ఖర్చెక్కువ’ అన్న వాదన సమావేశాల్లో మునుపటంత ధైర్యంగా వినిపించలేదు.

2017లో హైదరాబాద్ జలమండలి డెబ్బై చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. ఇరుకు సందుల్లో తిరగగలిగే చిన్న వాహనాల మీద అమర్చినవి. ‘సందుల్లోకి లారీ పోదు’ అన్న వాదనకు జవాబు ఇంత చిన్నదా అనిపించింది నాకు. చేయాలనుకుంటే దారి ఉందన్నమాట. ఇందులో నాకు ఇంకా నచ్చింది యాజమాన్యం. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ ద్వారా, బ్యాంకు రుణాలతో, యంత్రాలు దళితుల సొంతమయ్యాయి. 2019లో ఢిల్లీ ఇదే పద్ధతిలో రెండు వందల యంత్రాలు తెచ్చింది. యంత్రం వచ్చి మనిషి బతికి, ఆ మనిషికి కూలి మాత్రం పోతే సమానత్వం ఎక్కడిది? యంత్రం ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్నను సాంకేతిక నిపుణులు అరుదుగా వేస్తారు, ఇక్కడ ఎవరో వేశారు. అలాగని నగరం గెలిచిందని అనను. ఆ తరువాత కూడా హైదరాబాద్‌లో, శివార్లలో మరణాలు జరిగాయి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆరు మహానగరాల్లో చేత్తో కాలువలు శుభ్రం చేయించడం ఆపమని ఆదేశించినప్పుడు ఆ ఆరింటిలో హైదరాబాద్ కూడా ఉంది.

కేరళ రోబో సంగతి మీ స్నేహితుడు చెప్పే ఉంటాడు. బ్యాండికూట్ అనే ఆ యంత్రం 2018లో తిరువనంతపురంలో పనిలోకి దిగింది. మ్యాన్‌హోల్‌లోకి కాళ్లు చాపుకుని దిగి, కెమెరాతో చూస్తూ పూడిక ఎత్తుతుంది. మంచి యంత్రం. దాన్ని తయారుచేసిన కుర్రాళ్లను కదిలించిన ఘటన 2015 నవంబరులో కోళికోడ్‌లో జరిగింది. కాలువలో పడిపోయిన ఇద్దరు కార్మికులను కాపాడబోయి ఒక ఆటో డ్రైవరు కూడా చనిపోయాడు. ఆ ఇద్దరు కార్మికులూ ఆంధ్రప్రదేశ్ నుంచి పనికోసం వెళ్లినవాళ్లు. మన ఊళ్లో వద్దనలేని మనిషి పరాయి రాష్ట్రంలో, భాష తెలియనిచోట, కాంట్రాక్టరు దగ్గర అసలే వద్దనలేడు. వలస వెళ్లడంతో ఆ స్థితి మారదు, ఇంకా బిగుసుకుంటుంది.

2019 నుంచి 2023 వరకు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఈ పనిలో ఉన్నవాళ్లను కేంద్రం ఇటీవల లెక్కించినప్పుడు మూడింట రెండు వంతులు షెడ్యూల్డ్ కులాలవాళ్లే తేలారు. చట్టం కులం పేరు ఎత్తదు, నియామక పత్రంలోనూ ఉండదు. అయినా కుల గణాంకం ఇలా ఎలా వస్తోందో యంత్రాల కేటలాగులు చదివితే తెలియదు.

మీరు కృత్రిమ మేధ గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. కొన్నేళ్ల కిందట చండీగఢ్, నాగపూర్ వంటి నగరాల్లో సఫాయి కార్మికుల మణికట్లకు జీపీఎస్ గడియారాలు కట్టారు. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో ఆఫీసులో తెర మీద కనిపిస్తుంది. టీ తాగడానికి ఆగినా కనిపిస్తుంది. విషవాయువును పసిగట్టి మోగే చిన్న పరికరం కూడా అంతే సైజులో, అంతే సులువుగా దొరుకుతుంది. నేను చూసిన ఊళ్లలో హాజరు పట్టే పరికరాలు ముందు వచ్చాయి, వాయువును పట్టే పరికరాలు తరువాత వచ్చాయి, చాలాచోట్ల రానేలేదు. రెండూ సెన్సర్లే. ఒకటి మనిషిని అనుమానిస్తుంది, ఇంకొకటి కాలువను అనుమానిస్తుంది. ఏది ముందు కొనాలో సెన్సరు చెప్పదు. కొత్త సాంకేతికత ఏది వచ్చినా దాని సామర్థ్యం గురించి చదివే ముందు నేను చూసేది ఇదే: అది ఎవరి భయాన్ని తగ్గించడానికి కొన్నారు, దాన్ని వాడటానికి ఎవరు కాదనగలరు.

ఇక చివరిగా, ‘మనలాంటివాళ్లు చేయగలిగింది ఏమిటి’ అని కూడా అడిగారు. మీ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకుతో మొదలుపెట్టండి, ఈ మరణాలు ఇళ్లు, హోటళ్లు, చిన్న పరిశ్రమల ట్యాంకుల్లో కూడా జరుగుతున్నాయి. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. పదేళ్లు పట్టించుకోకపోతే అడుగున పూడిక గట్టిపడి గొట్టంతో పీల్చినా రాదు, అప్పుడే వాహనం తెచ్చినవాడు ‘ఒక మనిషి దిగి కదిలిస్తే వచ్చేస్తుంది సార్’ అంటాడు. ఆ మాట వచ్చిందంటే పని అక్కడితో ఆపించి, అధిక పీడనంతో నీళ్లు కొట్టి పూడికను కరిగించగల వాహనం రప్పించండి. రెండు వేలో మూడు వేలో ఎక్కువవుతుంది, సంఘం సమావేశంలో ఎవరో ఒకరు గొణుగుతారు. ట్యాంకుకు రెండు గదులకీ వేరువేరు మూతలు, గొట్టం పట్టేంత వెడల్పుతో, పైకి కనిపించేలా ఉండాలి. చాలా భవనాల్లో వాటి మీద పార్కింగ్ టైల్స్ వేసేశారు. కొత్తగా కట్టేటప్పుడు బిల్డరును ఈ ఒక్క ప్రశ్న అడగండి. ప్రమాదకరంగా ఎవరినైనా దింపుతున్నారని తెలిస్తే 14420 నంబరుకు ఫోను చేయవచ్చు. దింపిన ఇంటి యజమాని మీద కూడా 2013 చట్టం కింద కేసు పెట్టవచ్చని మీ సంఘం కార్యదర్శికి తెలిసేలా నోటీసు బోర్డు మీద రాయించండి. మొదటి నేరానికి రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గొణిగే ఆయన కూడా అది చదువుతాడు.